నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు?

ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను మా వీధి తలుపు వెనక నిలబడి, తట్టిన ప్రతి మగాణ్ణీ ఒకే ప్రశ్న అడిగేదాన్ని. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు అని. భర్త పోయిన ఆడది నోరు తెరిచి అడగవలసిన ప్రశ్న కాదు. కానీ అడగమన్నది నా బుద్ధి కాదు, చట్టం.

అది పంతొమ్మిది వందల యాభైల కాలం. ఆదివారం పబ్బులు మూసి ఉండాలి. ఊళ్ళోవాడికి చుక్క పొయ్యకూడదు. ప్రయాణం చేసి వచ్చినవాడికి మాత్రం పొయ్యొచ్చు. ప్రయాణికుడంటే ఎవరయ్యా అంటే, ముందు రాత్రి మూడు మైళ్ళ అవతల పడుకుని లేచినవాడు. అందుకని మా క్లూన్‌బార మగాళ్ళు చర్చిలో పూజ అయిపోగానే సైకిళ్ళెక్కి డెర్రిగాన్ పోయేవారు. డెర్రిగాన్ మగాళ్ళు సైకిళ్ళెక్కి మా ఊరొచ్చేవారు. దారి మధ్యలో ఎదురైతే టోపీలెత్తి పలకరించుకుని, ఎవరి దాహం వాళ్ళు మోసుకుపోయేవారు. ఈ చట్టం రాసిన పెద్దమనిషికి దాహం అంటే ఏమిటో తెలియదో, మరీ బాగా తెలుసో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మా వీధిలో పబ్బులకి కరువు లేదు. నెస్టర్ పబ్బుండేది. నెస్టర్ జన్మలో చుక్క ముట్టనని ఒట్టు పెట్టుకుని, ఆ ఒట్టు బిళ్ళ కోటుకి తగిలించుకుని మరీ బీరు పోసేవాడు. పోసిన ప్రతి గ్లాసూ నీ పాపం నీదే అన్నట్టు ముందుకు తోసేవాడు. గ్లిన్ వాళ్ళది పబ్బుతోబాటు శవపేటికల వ్యాపారం కూడా. వెనక గదిలో పేటికలు, ముందు గదిలో పీపాలు. ఆ కుటుంబానికి మనిషి ఎటు వెళ్ళినా లాభమే అని జనం నవ్వుకునేవారు. ఇప్పుడు నెస్టర్ ఇంట్లో జుట్టు కత్తిరిస్తున్నారు, గ్లిన్ ఇంట్లో ఫోన్లు అమ్ముతున్నారు. ఆ మొహాలు మాత్రం నాకు అలాగే కనబడుతుంటాయి.

మాది టార్పీ పబ్బు. ముందు గదిలో టీ పొడి, సబ్బులు, లాంతరు వత్తులు అమ్మేవాళ్ళం. వెనక గదిలో కౌంటరు. కౌంటరు చివర తలుపున్న చిన్న చెక్క గది ఒకటి, ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా కూర్చుని గుటకేసుకోడానికి. అందులో మా అత్తగారు పొద్దుటినుంచీ కాపురం పెట్టేది. ఆమె కంట పడకుండా గాని, చెవిన పడకుండా గాని ఆ ఇంట్లో ఏదీ జరగలేదు.

మా లైసెన్సు మీద అప్పటికే కోర్టు వేసిన రెండు మచ్చలున్నాయి. రెండూ మా ఆయన మార్టిన్ పుణ్యమే. వేళ దాటాక తలుపు తట్టినవాణ్ణి పొమ్మనలేని మెత్తటి మనిషి. ఆ మెత్తదనం నాకు అప్పగించి తను గుండె ఆగి పోయాడు. మూడో మచ్చ పడితే లైసెన్సు పోతుంది. మళ్ళీ ఇవ్వరు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఒక అత్తగారు, ఆ కౌంటరు. ఇంకేమీ లేదు. కాబట్టి తలుపు దగ్గర నా ప్రశ్న నేను గట్టిగానే అడిగేదాన్ని.

లవెల్ మాస్టారు మా ఎదురింట్లో ఉండేవారు. బడి పంతులు. మా పిల్లలు ఆయన దగ్గరే చదువుకునేవారు. ఆయన మొదటిసారి ఆదివారం పూట మా తలుపు తట్టింది ఆ ఏడాది జనవరిలో. సందు తీసి చూసి నవ్వాను.

"మాస్టారూ, మీరు ఎదురింటివారు. మీకు పోస్తే రేపు నన్ను జైల్లో పెడతారు."

"నిన్న రాత్రి నేను ఎదురింట్లో లేనండి," అన్నారాయన.

"అయితే ఎక్కడ పడుకున్నారు?"

అది ఎకసెక్కంగా అడిగింది కాదు. అడగకుండా పోస్తే మచ్చ నాకు పడుతుంది. ఆయన టోపీ మీంచి వాన నీళ్ళు కారుతున్నాయి. ఏదో ఒక ఊరి పేరు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అప్పటికే ఆయన ఒక పెద్ద అబద్ధం మోస్తున్నారు, ఇంకోటి మొయ్యడానికి ఓపిక లేనట్టుంది.

"కారిగ్ కొండ మీద," అన్నారు. "ఊనా దగ్గర."

ఊనా ఆయన భార్య. ఊరందరికీ తెలిసిందేమిటంటే, ఊనా ఇంగ్లండులో ముసలి మేనత్తకి సేవ చేస్తోంది. నాలుగేళ్ళుగా మాస్టారు అదే చెబుతున్నారు. పసిబిడ్డ పోయాక ఊనా మాట్లాడడం మానేసిందని, రెండు చలికాలాలు పిచ్చాసుపత్రి గోడల వెనక ఉందని, బయటికొచ్చాక ఊరి మొహం చూడలేనని కొండ మీద అక్క ఇంట్లో ఉండిపోయిందని ఆయన నాకు గుమ్మంలో నిలబడే నాలుగు ముక్కల్లో చెప్పారు. శనివారం సాయంత్రం సైకిలు మీద వెళ్ళి, ఆదివారం మధ్యాహ్నం తిరిగొస్తారట. తను ఎక్కడుందో ఊళ్ళో ఎవరికీ చెప్పనని ఆమెకి మాట ఇచ్చారట.

నేను తలుపు తీసి గ్లాసు నింపాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం నా ప్రశ్న నేను అడిగేదాన్ని, ఆయన "దూరంగానే" అనేవారు. అంతటితో సరి. కౌంటరు దగ్గర విన్నది గుమ్మం దాటనివ్వకు అని మా అత్తగారు నేను కాపురానికొచ్చిన కొత్తలో చెప్పిన మాట. ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి పని అదే, గ్లాసులు కడగడం కన్నా ముందు.

జూన్‌లో మా ఊరికి కొత్త పోలీసు సార్జెంటు వచ్చాడు. క్విర్క్ అని, ఎక్కడో దక్షిణాది మనిషి. తాగడు, నవ్వడు. మా పాత సార్జెంటు పబ్బులోకి వచ్చేముందు కాసేపు దగ్గి వచ్చేవాడు. ఈయన దగ్గలేదు.

ఒక ఆదివారం కౌంటరు ముందు డెర్రిగాన్ మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. మాస్టారు గోడవారగా ఆఖరున ఉన్నారు. ఉన్నట్టుండి పెరట్లో కోళ్ళు గోల పెట్టాయి. మా పెరట్లో కోళ్ళు ఓ మంద. పరాయి మనిషి అడుగు పెడితే చాలు, ఇల్లెగిరిపోయేలా అరుస్తాయి. నేను అటు తిరిగేసరికి వెనక గుమ్మంలో క్విర్క్ నిలబడి ఉన్నాడు, బూటుకి ఈక అంటుకుని.

"ఎవరూ కదలకండి," అన్నాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పేరు, ఊరు అడిగాడు.

బార్ట్లీ అని డెర్రిగాన్ బండి తోలే ముసలాయన ఉండేవాడు, మా పాత ఖాతాదారు. "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావ్?" అంటే "నా మంచం మీదేనండి," అన్నాడు. "నమ్మకపోతే మా ఆవిణ్ణి అడగండి. నా గురక దెబ్బకి ఆవిడ నాలుగు గంటల నుంచి కూర్చునే ఉంది."

నలుగురూ నవ్వారు. క్విర్క్ నవ్వకుండా అది కూడా రాసుకున్నాడు. తర్వాత మాస్టారి ముందు ఆగాడు.

"మీరు ఎదురింట్లో ఉంటారు కదా?"

"అవునండి."

"అయితే ఇక్కడేం చేస్తున్నారు?"

"నిన్న రాత్రి నేను దూరంగా పడుకున్నాను."

"ఎక్కడ?"

మాస్టారు గ్లాసు కౌంటరు మీద పెట్టారు. చప్పుడు కాకుండా పెట్టారు. "అది చెప్పలేనండి," అన్నారు.

డెర్రిగాన్ మనుషులు గ్లాసుల్లోకి చూసుకుంటున్నారు. క్విర్క్ నా వైపు తిరిగి, "ఈయన ఎక్కడ పడుకున్నాడో మీరు అడిగారా?" అన్నాడు. అడిగానన్నాను. "ఏం చెప్పాడు?" అన్నాడు. నేను చేతిలో గుడ్డ మడతపెడుతూ నిలబడ్డాను. మడతపెట్టిందే మళ్ళీ మడతపెట్టాను.

"సరే," అన్నాడు పుస్తకం మూస్తూ. "ఇద్దరూ జడ్జిగారికి చెప్పుకోండి."

సమన్లు పదిరోజుల్లోపే వచ్చాయి. సెప్టెంబరులో విచారణ. ఆ కాగితం నేను డ్రాయరులో పడేసి తాళం వేశాను, తాళం వేస్తే ఆగిపోతుందన్నట్టు. మా అత్తగారు చెక్క గదిలోంచి పిలిచింది.

"ఇలా రా అమ్మాయ్. ఇంతకీ ఏం చెయ్యదలచుకున్నావు?"

"ఏం చెయ్యమంటారు అత్తయ్యా?"

"ఏముంది, పెళ్ళాం దగ్గర పడుకున్నాడని చెప్పేసెయ్."

నేను ఉలిక్కిపడ్డాను. "మీకెలా తెలుసు?"

"నాకు చెవులున్నాయి, ఈ గదికి తలుపుంది, అది సరిగ్గా పడదు. జనవరి నుంచీ తెలుసు." ముక్కుపొడుం పట్టు పీల్చి నా మొహంలోకి చూసింది. "వీధిలో ఏమనుకుంటున్నారో తెలుసా నీకు? మాస్టారు ఎక్కడ పడుకున్నాడో చెప్పలేకపోతున్నాడంటే, ఈ ఇంట్లోనే పడుకున్నాడని. నీ మంచం మీద."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరన్నారు?"

"ఒకళ్ళయితే పేరు చెబుదును. నేను నమ్మలేదులే. నువ్వు రాత్రి పక్కెక్కితే పొద్దున కోడి కూసేదాకా చచ్చిన శవంలా పడుంటావు, నాకు తెలుసు."

"కౌంటరు దగ్గర విన్నది గుమ్మం దాటకూడదని మీరేగా చెప్పారు?"

"అది లైసెన్సు ఉన్నవాళ్ళకి చెప్పిన మాటే," అంది ముసలామె. "లైసెన్సు పోయాక కౌంటరెక్కడ, గుమ్మమెక్కడ? మా మామగారు పెట్టిన దుకాణం ఇది. నీ పిల్లలకి రేపు ఏం పెడతావు, మాస్టారి పరువు ఉడకేసి పెడతావా?"

ఆమె అన్నదాంట్లో తప్పు నాకేమీ కనిపించలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆగస్టులో, ఎండు గడ్డి బళ్ళు వీధిలో తిరుగుతున్న రోజుల్లో, మాస్టారు మామూలు రోజున దుకాణంలోకి వచ్చారు. ఎవరూ లేరు. టీ పొడి కావాలన్నారు. కట్టిచ్చాను. తీసుకుని వెళ్ళకుండా నిలబడ్డారు.

"డెలియా గారూ, మీకు ఎంత కష్టం తెచ్చిపెట్టానో నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదే."

"కోర్టులో ఊనా పేరు వస్తే పేపర్లో వేస్తారు. పేపరు కొండ మీదికి కూడా వెళుతుంది. ఊరంతా తన గురించి మాట్లాడుకుంటోందని తెలిస్తే తను మళ్ళీ..." ఆగిపోయారు. "ఈ ఏడాదే కాస్త నవ్వుతోంది. కోళ్ళకి గింజలు వేస్తోంది, గుడ్లు తనే అమ్ముతోంది. మళ్ళీ ఆ గోడల వెనక్కి పంపలేను. నేను తనకి మాటిచ్చాను."

"ఫాదర్ మన్నియన్‌కి కూడా ఇంగ్లండనే చెప్పారా?"

"ఆయనకీ అంతే. బడి ఆయన చేతిలో ఉంది. ఆయనకి అబద్ధం చెప్పిన పంతులు ఎన్నాళ్ళుంటాడో మీకు తెలియంది కాదు. అయినా నా ఉద్యోగం సంగతి తర్వాత."

"మీ ఉద్యోగం సంగతి తర్వాత. మీ ఆవిడ సంగతి ముందు. మా సంగతి ఎప్పుడు మాస్టారూ?" అన్నాను. గొంతు లేచింది, లేవనిచ్చాను. "తలుపు మీద ఆ పేరు, గోడ మీద ఆ లైసెన్సు తప్ప నాకేముంది? మీ గ్లాసు నేను నింపాను, నా మెడకి చుట్టుకుంది."

ఆయన తల వంచుకున్నారు. "మీరు చెబితే నేను తప్పు పట్టను. ఒట్టేసి అడుగుతారు, మీరు అబద్ధం చెప్పనక్కర్లేదు. నేను మాత్రం చెప్పలేను."

"అంటే మాట నిలబెట్టుకున్న పుణ్యం మీకు, బయటపెట్టిన పాపం నాకు."

ఆయన టీ పొట్లం కౌంటరు మీదే మర్చిపోయి వెళ్ళిపోయారు. నేను వీధి అవతలికి తీసుకెళ్ళి ఇవ్వలేదు. అంత కోపంగా ఉంది నాకు.

కోపం చల్లారాక ఒక ఆలోచన వచ్చింది. ఊనానే అడిగితే? మరుసటి వారం ఎవరికీ చెప్పకుండా సైకిలు తీసి కారిగ్ కొండెక్కాను. సగం దారి నడిపించుకునే పోయాను, అంత నిటారు దారి. గేటు దగ్గర "గుడ్లు అమ్మబడును" అని చెక్క మీద రాసి ఉంది. ఊనా వాకిట్లో ఉంది. నన్ను చూసి గుమ్మం వైపు రెండడుగులు వెనక్కి వేసి, ఆగిపోయింది.

"డెలియా," అంది. మనిషి సగమైంది. జుట్టు పొట్టిగా కత్తిరించారు. నాకంటే చిన్నది, పెద్దదానిలా ఉంది.

"గుడ్లు," అన్నాను. నోట్లోంచి వచ్చింది అదొక్కటే. "గుడ్ల కోసం వచ్చాను."

ఆమె లోపలికి వెళ్ళి బుట్ట తెచ్చింది. ఒక్కొక్కటీ తీసి నా సంచిలో పెడుతోంది. ప్రతి గుడ్డూ పెట్టాక అది పగల్లేదు కదా అని చూసుకుంటోంది. ఆ వేళ్ళు చూస్తూ నేను అడగవలసిన మాట అడగలేకపోయాను. నా పిల్లలు గుర్తుకొచ్చారు, అయినా అడగలేకపోయాను.

"మీ అత్తగారు ఇంకా ఆ చెక్క గదిలోనే కూర్చుంటుందా?" అంది గేటు దగ్గర.

"కూర్చుంటుంది. ఆమెని అందులోంచి లేపడం ఎవరి తరం?"

"సంత రోజుల్లో నేనూ కూర్చునేదాన్ని. నాకో తియ్యటి వైను పోయించి, మగాళ్ళ మాటలు విని నవ్వించేది." నవ్వబోయి మానేసింది. "వెళ్ళొస్తావా?"

వెళ్ళొస్తానని దిగొచ్చాను. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఇంటికొచ్చాక మా అత్తగారు సంచి తెరిచి చూసి, నా మొహం చూసి, ఏమీ అనకుండా మూసేసింది. ఆమె ఏమీ అనకపోవడం నేనెరగను.

కోర్టు రోజున బయట సన్నటి జల్లు పడుతోంది. ఊరు ఊరంతా అక్కడే ఉంది, చాలామందికి పనేమీ లేదు. ఫాదర్ మన్నియన్ ముందు వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మా అత్తగారు పెళ్ళిళ్ళకి వేసుకునే నల్ల కోటు వేసుకొచ్చి ఆయన పక్కనే కూర్చుంది. పొద్దున ఇంట్లో నా మఫ్లరు సర్దుతూ, "చెప్పేసెయ్," అంది. నేను చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను. రాత్రంతా ఆ మాటలు వరస పెట్టుకున్నాను కూడా.

క్విర్క్ లేచి, ఎదురింటి మనిషికి ఆదివారం మందు పోశానని చెప్పాడు. నన్ను పిలిచారు. బైబిలు మీద చెయ్యి పెట్టించారు.

జడ్జిగారు సన్నటి మనిషి, కళ్ళజోడు పైనుంచి చూశారు. "లవెల్ గారు ముందు రాత్రి ఎక్కడ పడుకున్నారో మీకు తెలుసా?"

"తెలుసండి."

"ఎక్కడ?"

తలెత్తి చూశాను. మా వీధి వీధంతా బెంచీల మీద ముందుకి వంగింది. మా పబ్బులో ఎవడి కష్టమో ఎవడైనా చెబుతుంటే మిగతావాళ్ళు కౌంటరు మీద మోచేతులు ఆనించి ఎలా వంగుతారో, అచ్చం అలాగే. అలా వంగినప్పుడల్లా పదిహేనేళ్ళుగా నేను చేసేది ఒకటే పని. గుడ్డ తీసుకుని కౌంటరు తుడుస్తూ అవతలికి వెళ్ళిపోతాను. కోర్టులో గుడ్డ లేదు.

"చెప్పనండి," అన్నాను.

"చెప్పకపోతే ఈ కోర్టు అతన్ని ఊళ్ళో మనిషిగానే లెక్క కడుతుంది. అది మీ లైసెన్సు మీద మూడోది. తెలుసా?"

"తెలుసండి."

మా అత్తగారు కళ్ళు మూసుకుంది. జడ్జిగారు కలం తీసి సిరాలో ముంచారు. ఆ కలమే చూస్తూ బోను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

వెనక బెంచీ కిర్రుమంది.

"ఆవిణ్ణి అడగకండి," అన్నారు మాస్టారు. నిలబడి ఉన్నారు. మొహం సున్నం వేసినట్టుంది. "నేనే చెబుతాను. కారిగ్ కొండ మీద పడుకున్నాను. నా భార్య దగ్గర."

జడ్జిగారు రాయకుండానే కలం పక్కన పెట్టారు.

"మీ భార్య ఇంగ్లండులో ఉందని విన్నానే," అన్నాడు క్విర్క్.

"ఎప్పుడూ వెళ్ళలేదు. ఆసుపత్రిలో ఉండేది. ఇప్పుడు వాళ్ళక్క ఇంట్లో ఉంటోంది. ప్రతి శనివారం నేను అక్కడే పడుకుంటాను."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "కారిగ్ ఎంత దూరం సార్జెంటు?"

"దూరమేనండి," అన్నాడు క్విర్క్, తన బూట్లకి చెబుతున్నట్టు.

"ఒక మనిషి తన సొంత భార్య దగ్గర పడుకున్నాడని తేల్చడానికి ప్రభుత్వం ఇంత శ్రమ పడిందన్నమాట," అన్నారు జడ్జిగారు. "కేసు కొట్టేశాను. తర్వాతది పిలవండి."

బార్ట్లీ ఒక్కడు గట్టిగా నవ్వబోయాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఫాదర్ మన్నియన్ టోపీ పెట్టుకుని ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయారు. మాస్టారు నా పక్కనుంచే నడిచిపోయారు. నేను ఏదో అనబోయేలోగా వానలోకి దిగిపోయారు.

లైసెన్సు దక్కింది. సంతోషం మాత్రం దక్కలేదు. శుక్రవారం పేపర్లో ఊనా పేరు వేశారు, ఆసుపత్రి మాటతో సహా. మా దుకాణంలో సబ్బు కొనుక్కోడానికి వచ్చినవాళ్ళు కూడా అదే చదువుతూ నిలబడ్డారు. ఆ ఆదివారం మాస్టారు రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. శనివారం సైకిలు మీద వెళ్ళడం నేను మేడ కిటికీలోంచి చూసేదాన్ని, తిరిగి రావడం చీకటి పడ్డాకే. బడిలో ఇంకా పాఠాలు చెబుతున్నారని పిల్లలు చెప్పారు. ఫాదర్ ఆయన్ని పిలిపించి మాట్లాడారట. కొత్త పంతుల్ని వెతుక్కోవడం కన్నా క్షమించడమే తేలికనుకున్నారేమో, ఉండనిచ్చారు. కొండ మీద ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు లేరు. ఆసుపత్రి బండి కారిగ్ వైపు వెళ్ళిందని ఒకరన్నారు, కాదు అది పాల బండి అని ఒకరన్నారు. నా కౌంటరు నిలబెట్టుకోడానికి ఒక మనిషిని మళ్ళీ గోడల వెనక్కి తోశానేమోనని కుమిలిపోయాను.

అక్టోబరు వచ్చింది. మాస్టారి సైకిలు ఒక శనివారం కదలనే లేదు. వాళ్ళ గోడకి ఆనించి ఉన్నది ఉన్నట్టే తడుస్తోంది.

మరునాడు మధ్యాహ్నం డెర్రిగాన్ వాళ్ళు వచ్చి కూర్చున్నాక వీధి తలుపు చప్పుడైంది. మెల్లగా తట్టారు. నేను గడియ మీద చెయ్యి పెట్టి, అలవాటు చొప్పున అడిగాను.

"నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

ఆడగొంతు వినిపించింది.

"ఎదురింట్లో."

గడియ నా చేతికి వెంటనే అందలేదు. తలుపు తీసేసరికి ఊనా నిలబడి ఉంది. నీలం కోటు, గొంతు దాకా బొత్తాలు. వెనక మాస్టారు గొడుగు పట్టుకుని ఉన్నారు. వీధిలో ప్రతి కిటికీకీ తెర కదులుతోంది. ఊనా వాటి వైపు చూడలేదు, కానీ అన్నీ చూసినట్టే బిగుసుకుని ఉంది.

"ఈయన పెరటి దారిన వెళదామన్నాడు," అంది. "నేనే వద్దన్నాను. పేపర్లో ఎక్కినదాన్ని, ఇంకెక్కడ దాక్కుంటాను?"

నాకు ఏడుపొచ్చేలా ఉంది. అది కనబడకుండా, "ఊనా, ఊళ్ళో పడుకున్నవాళ్ళకి నేను చుక్క పొయ్యడానికి వీల్లేదు," అన్నాను.

"తెలుసు. ఈయనకీ ఇక పొయ్యలేవు. నిన్న చీకట్లో నడిచి కొండ దిగుతున్నంతసేపూ నా పెట్టె మోస్తూ అదే బెంగ."

మాస్టారు నవ్వారు. ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి.

ఊనా గుమ్మంలోకి అడుగు పెట్టి, నాకు మాత్రమే వినబడేలా అంది. "ఆ రోజు గుడ్ల కోసం వచ్చానన్నావు. మీ పెరట్లో కోళ్ళు ఓ మంద ఉంటాయి కదే. నాకు మతి పోయిందని అందరూ అన్నారు గాని, మరీ అంత పోలేదు. నువ్వు వెళ్ళాక, ఈయన వచ్చేదాకా ఆగి, సంగతంతా కక్కించాను. నీ పెళ్ళాం పేరు చెప్పడానికి నీకు సిగ్గా అని అడిగాను. ఇచ్చిన మాట నేనే వదిలేసినా, ఈయనకి నోరు పెగిలింది ఆఖరు నిమిషంలోనే."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వీధిలో తెరలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అయినా తను వచ్చింది.

"తలుపు బార్లా తీసి నిలబడ్డావేం, చలి లోపలికి కొడుతోంది," అని చెక్క గదిలోంచి కేక వినిపించింది. చెక్క బల్ల జరుపుతున్న చప్పుడు వినబడింది. "ఊనాని ఇలా పంపు. తన చోట్లో పిల్లిని తప్ప ఎవర్నీ కూర్చోనివ్వలేదు నేను. నువ్వెళ్ళి టీ పెట్టు."

డెర్రిగాన్ మనుషులు దారిచ్చారు. బార్ట్లీ టోపీ తీశాడు. ఊనా ఆ గదిలోకి వెళ్ళింది, తలుపు మూసుకుంది, సరిగ్గా పడలేదు. మాస్టారు బీరు పీపా వైపు ఒక్కసారి చూసి, కౌంటరు ముందు బుద్ధిగా నిలబడ్డారు.

నేను వంటింట్లోకి వెళ్ళి, కాసేపు కళ్ళు తుడుచుకుని, టీ పెట్టాను. నాలుగు గుడ్లు కూడా ఉడకేశాను. మా కోళ్ళవే.